బట్టీ దగ్గర చీపురు చప్పుడు

పలాస నుంచి అక్కుపల్లి వెళ్లే దారిలో, జీడితోటల మధ్య, మూతపడ్డ జీడిపిక్కల బట్టీ ఒకటుంది. పొద్దు వాలాక అటు ఎవరూ పోరు. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి చీకట్లో తుడుస్తూ ఉంటుందట. చప్పుడు వినబడుతుంది — సర్ర్... సర్ర్... మనిషి మాత్రం కనబడదు.

రెండేళ్ల కిందట అక్కడ ఒక పదో తరగతి కుర్రాడు కత్తిపోటుతో చచ్చిపోయాడు. పొడిచినవాడూ అదే బెంచీ వాడు. కానీ ఊరి పెద్దలకు ఆ మాట నోట రాదు. "ఆ చోటే మంచిది కాదు" అంటారు. మన పిల్లలే పొడుచుకున్నారని ఒప్పుకోవడం కన్నా దెయ్యాన్ని ఒప్పుకోవడం సుఖం మరి.

బడి ఊరికే కూర్చోలేదు. బ్యానరు కట్టింది. టౌను నుంచి ఒక వక్తను పిలిచింది. పిల్లలు కత్తి ముట్టబోమని చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశారు, పెద్దలు ఫొటో దిగి సమోసాలు తిన్నారు. మర్నాటి నుంచి గేటు దగ్గర బ్యాగుల తనిఖీ. ఒక్క కత్తీ దొరకలేదు. హెడ్మాస్టరు గారు సంతోషించారు.

ఎందుకు దొరుకుతాయి? అవి బట్టీలో ఉండేవి. ఎవరూ అడుగుపెట్టని చోటు కన్నా భద్రమైన బీరువా ఏముంది? ఎండిన జీడాకు కింద పగటిపూట దాచడం, పగటిపూటే తీసుకోవడం. ఏదైనా మాయమైతే దెయ్యం పట్టుకుపోయిందనుకోవడం. ఇదీ మన వీరుల తెలివి.

ఇదంతా ఆ బళ్లో పాఠాలు చెప్పే మా వదిన ఉమ ఫోన్లో చెప్పింది. ఆమెకు అక్కడే చదివే సాయిరాం చెప్పాడు. నేను చూసింది కాదు. విన్నాక మాత్రం, ఇంత దూరాన ఉన్న నేను, నిద్రపోతున్న మావాడి బ్యాగు వెతికాను.

సాయిరాంది పదో తరగతి. వాడిది ఆన్‌లైన్లో తెప్పించుకున్న మడతకత్తి. పనసకాయ మీద పెడితే వంగిపోతుంది, రీల్లో మాత్రం తళతళలాడుతుంది. ఆ రీలు కింద క్లాసుమేటు విజయ్ కుమార్ "కూరగాయలు తరుగుతావేటి బావా?" అని రాశాడు. అంతే, పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చే విజయ్‌ని తోట మలుపులో పొడిచెయ్యాలి!

ఆ రోజు స్పెషల్ క్లాసు పెట్టి ఆలస్యంగా వదిలారు. దాచిన కత్తి కోసం బట్టీ చేరేసరికి చీకటి పడింది.

ఫోను లైటు వేశాడు. ఆకు లేదు... నేలంతా నున్నగా తుడిచి ఉంది. కత్తి లేదు.

వెనకాల — సర్ర్...

ఫోను చేతిలోంచి జారి, లైటు నేలకు ఆనేలా పడింది. రీళ్లలో సింహంలా గర్జించే గొంతులోంచి పిల్లికూత కూడా రాలేదు.

చప్పుడు దగ్గరికొచ్చింది. ఆగింది.

"దేనికోసం ఎతుకుతన్నావురా?" గుసగుస.

వాడు తడుముకుంటూ వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

"నాకాడుంది. నీదీ... ఇంకా శానామందివీ."

"నన్ను... నన్నొదిలెయ్..."

"నాను పట్టుకుంటే కదేటి ఒదలడానికి! మజ్జానం రొండోసారి సాంబారు ఏయించుకున్నప్పుడు నానంటే బయమెయ్యనేదా?"

అగ్గిపుల్ల వెలిగింది. తెల్లచీర. బడిలో రోజూ అన్నం వడ్డించే దోర్కాస్!

ఇక్కడ చచ్చిపోయిన కుర్రాడు ఆమె కొడుకే. వాణ్ణి మరిచిపోయిన ఊరు, ఆమెను బతికుండగానే దెయ్యాన్ని చేసింది. బడిలో పని అయ్యాక ఆమె ఇక్కడికొచ్చి ఆకు ఊడుస్తుంది. కింద దొరికినవి అక్కుపల్లి సముద్రంలో పారేస్తుంది. వక్తను పిలిచినవాళ్లకు ఈమె చేత ఒక్క మాట చెప్పించాలని తోచలేదు. ఆ రోజు సమోసాలు మాత్రం ఆమె చేతే వేయించారు.

"పిన్నీ... ఎవులికీ సెప్పకు."

"సెప్తే ఎవులింతారు?" అగ్గిపుల్ల ఆరిపోయింది. "మా ఓడూ నీనాగే, బయపెట్టడానికే తెచ్చినాడు. పక్క బెంచీవోడు ఆడి కత్తే లాక్కుని ఆడినే పొడిసేసినాడు... ఇక్కడ పడుకో."

"ఎందుకు?"

"పడుకో. ఆడెంత పొడుగుండేవోడో మర్సిపోతన్నాను."

పడుకున్నాడు. నేల చల్లగా ఉంది. ఆమె వంగి చీకట్లో జానలతో కొలిచింది — పాదం... మోకాలు... ఛాతీ దగ్గర ఆ చెయ్యి ఆగింది. చాలాసేపు ఆగింది.

తోట అవతల విజయ్ కుమార్ సైకిలు బెల్లు మోగింది. మెల్లగా దూరమైపోయింది.

"అయిపోనాది," అంది దోర్కాస్. "ఆడు లెగనేదు. నువ్వు లెగు."