నల్ల అంచు

"నేను పోయాక నా బొమ్మకి చెయ్యివి నువ్వేరా కుర్రాడా. ఇంకెవడికీ ఇవ్వను. ఇది నా మాట."

నార్మన్ కెర్షా ఈ మాట ఇచ్చింది మార్చి పదకొండున, కాలవ గట్టు మీద బెంచీలో, మెంథాల్ బిళ్ళ బుగ్గన పెట్టుకుని. జూన్‌లో ఆయన పోయాడు. మాట ఆయనకంటే ముందే పోయింది.

మా క్లబ్బు పాత నేత కార్మికుల సంఘ భవనంలో, పై అంతస్తులో ఉంటుంది. కింద ఇప్పుడు తివాచీల దుకాణం. మెట్ల గోడ మీద వందేళ్ళ కిందటి సమ్మె జెండా అద్దం వెనక ఇంకా వేలాడుతూ ఉంటుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం అక్కడ ఎనిమిది మందిమి చేరి బొటనవేలంత సీసపు బొమ్మలతో యుద్ధాలు ఆడతాం. మరుగుజ్జులు, రాక్షసులు, రెక్కల పాములు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఈ ఊళ్ళో మిల్లులు మూతపడ్డాయి, సంఘాలు పోయాయి, లైబ్రరీకి తాళం పడింది. ఎవరి లాభం కోసమూ కాకుండా నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చునే చోటు ఇదొక్కటే మిగిలింది.

నవంబరు మొదటి శనివారం మాత్రం పోయినవాళ్ళ ఆట.

ప్రతి సభ్యుడికీ సొంత బొమ్మ ఒకటి ఉంటుంది. మనిషి బతికున్నంత కాలం దాని పీఠం అంచు నలుపు. సొంతదారు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు. మనిషి పోతే, అంత్యక్రియల సాయంత్రం డోరీన్ ఆ అంచుకి తెల్ల రంగు వేస్తుంది. డోరీన్ హిండిల్ మా కార్యదర్శి, ఆటలో తీర్పరి, ఎనభై రెండేళ్ళ మనిషి. తెల్ల అంచు పడ్డ బొమ్మ గాజు బీరువాలోకి పోతుంది. ఏడాదికి ఆ ఒక్క రోజు బల్ల మీదకి వస్తుంది. పోయినవాడు కవరులో ఎవరి పేరు రాసి పెట్టాడో ఆ మనిషే దాన్ని కదుపుతాడు, దాని తరఫున పాచికలు వేస్తాడు. ఆ మనిషిని మేము 'చెయ్యి' అంటాం.

జూన్‌లో డోరీన్ నార్మన్ కవరు చింపింది. కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివింది.

"జూడ్ ఫెయిర్లీ."

జూడ్! క్లబ్బులో చేరి నాలుగు నెలలు కాలేదు. ఇళ్ళు అద్దెకి ఇప్పించే కంపెనీలో ఉద్యోగం. మెత్తటి మాట, మెత్తటి కోటు. అద్దె కట్టలేని వాళ్ళకి ఖాళీ చెయ్యమని ఉత్తరాలు పంపే చేతికి నార్మన్ బొమ్మ! ఆ బొమ్మ లాంతరు పట్టుకున్న ముసలి మరుగుజ్జు. నార్మన్ చేతులు వణుకుతుంటే ఆ గడ్డంలో ఒక్కో వెంట్రుకా గీసింది నేను. లాంతరు లోపలి పసుపు పచ్చకోసం మూడు రాత్రులు కళ్ళు పొడుచుకుంది నేను. దున్నేవాడిదే భూమి అని నాకు నేర్పిందే ఆయన. మరి రంగు వేసినవాడిది కాదా బొమ్మ?

"ఏం కామ్రేడ్!" అన్నాడు ఫ్రాంక్. రిటైరైన కసాయి, నోరు మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. "వారసత్వం రద్దు చెయ్యాలంటావుగా? ఇదిగో, నీతోనే మొదలైంది."

అందరూ నవ్వారు. జూడ్ నవ్వలేదు. దానికి నాకు ఇంకా మండింది.

"నీకు కావాలంటే తీసుకో ఓవెన్," అన్నాడు మెల్లగా. "నాకేం పట్టింపు లేదు."

ముష్టి! నా హక్కుని నాకు ముష్టి వేస్తున్నాడు.

"అవేం కుదరవు నాయనా," అంది డోరీన్. "కవరు కవరే."

అయిదు నెలలు ఆ పేరు నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. నార్మన్ వాడిలో ఏం చూశాడు? ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారు? నాకు చెప్పిన సమ్మె కథలే వాడికీ చెప్పాడా? నాకు ఇచ్చిన బిళ్ళల డబ్బాలోంచే వాడికీ ఇచ్చాడా?

ఆట రోజు పొద్దున బల్ల సర్దే వంతు నాది. తాళం నా దగ్గరే ఉంది. ఒక్కణ్ణే పైకి వెళ్ళి, బీరువా తెరిచి, నార్మన్ బొమ్మ తీసి... దాని తెల్ల అంచు మీద నల్ల రంగు వేశాను.

నాకు దక్కనిది వాడికీ దక్కకూడదు. అంతే. నల్ల అంచు ఉంటే సొంతదారు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు కదా. మళ్ళీ తెలుపు వేసి ఆరబెట్టే టైము ఉండదు. ఈ ఏడాదికి బొమ్మ బీరువాలోకి పోతుంది, జూడ్ చేతులు ముడుచుకుని కూర్చుంటాడు. ఆ అంచు నలుపైతే ఇంకేం అవుతుందో నేను ఆలోచించలేదు.

డోరీన్ పన్నెండింటికి వచ్చింది. చూపు సరిగా ఆనదు, ఒప్పుకోదు. ఎప్పటిలాగే బల్ల మీద నల్ల అంచులు వేలితో లెక్కపెట్టి అన్ని కుర్చీలు వేయించింది. మేము ఎనిమిది మందిమి. ఆమె వేయించినవి తొమ్మిది. ఎవరూ పట్టించుకోలేదు. ఖాళీ కుర్చీ మీద ఫ్రాంక్ తన కోటు పడేశాడు.

ఆట హాయిగానే మొదలైంది. టీ, అల్లం కేకు, ఫ్రాంక్ బూతులు. పైకప్పు అద్దం మీద సన్నటి వాన. నాలుగున్నరకే బయట చీకటి పడింది. వాన మధ్యలోనే పిల్లలు ఎక్కడో టపాకాయలు కాలుస్తున్నారు. గదిలో తడి కోట్ల వాసన, రంగుల నూనె వాసన. ట్యూబులైటు ఒకటి జుయ్యిమంటూ కొట్టుకుంటోంది.

డోరీన్ వరసగా పేర్లు పిలుస్తోంది. నల్ల అంచు అయితే పేరు. తెల్ల అంచు అయితే 'ఫలానా వాళ్ళ చెయ్యి'. లాంతరు మరుగుజ్జు దగ్గరికి వచ్చింది. వంగి అంచు చూసింది. ముప్పై ఏళ్ళ అలవాటు మీద నోరు దానంతటదే పలికింది.

"నార్మన్."

జూడ్ చెయ్యి చాచాడు.

"ఆగు!" అంది డోరీన్. "నల్ల అంచు. ముట్టుకోకు... ఇదేంటి, నేను తెల్ల రంగు వేశానే?"

నేను లోపల నవ్వుకుంటున్నాను.

అప్పుడు వినిపించింది.

రేకు డబ్బాలో పాచికల చప్పుడు.

నార్మన్ పాచికలు చేత్తో వేసేవాడు కాదు. వేళ్ళు వణుకుతాయి కదా, బిళ్ళల డబ్బాలో పోసి ఆడించేవాడు. ఆ డబ్బాని డోరీనే శవపేటికలో ఆయన కోటు జేబులో పెట్టింది. మేమంతా చూశాం.

గలగల... గలగల... టక్.

"ఎవర్రా అది?" అన్నాడు ఫ్రాంక్. "కామ్రేడ్, నీ పనేనా? బాగాలేదు."

నేను కాదని తల ఊపాను. ట్యూబులైటు ఒక్కసారి ఆరి వెలిగింది.

లాంతరు మరుగుజ్జు ఉన్నచోట లేదు. సరిగ్గా ఒక విడత నడక, అంటే ఆటలో ఆరు అంగుళాలు, ముందుకు వచ్చి ఉంది.

మా వాళ్ళ జబ్బు మీకు తెలీదు. ఇల్లు కూలుతున్నా ముందుగా అరిచినవాడు అవమానం పాలవుతాడు. అందరూ కప్పుల్లోకి చూశారు. ఒకరు గొంతు సవరించుకున్నారు. డోరీన్ తర్వాతి పేరు పిలిచింది. ఆట సాగింది.

రెండో విడత వచ్చింది. ఆమె ఆ పేరు పిలవలేదు. దాటేసింది.

గలగల... టక్.

మెంథాల్ వాసన. ముందు సన్నగా. తర్వాత ఘాటుగా, ఎవరో మొహం మీదకి వంగి ఊపిరి వదిలినట్టు...

కళ్ళు ఎత్తకుండా బల్ల వైపే చూస్తూ ఉండిపోయాను. నాకు భయమేసింది, అబద్ధం ఆడను. కానీ భయం వెనకాల ఇంకొకటి లేచింది. వచ్చాడు! నేను వేసిన నలుపుకి వచ్చాడు! నేను పిలిచాను కాబట్టి వచ్చాడు. నార్మన్‌కి ఒక అలవాటు ఉండేది. ప్రతి ఆటలోనూ తన మరుగుజ్జుని తెచ్చి నా బొమ్మ పక్కన, భుజానికి భుజం ఆనించి నిలబెట్టేవాడు. ఎన్ని ఆటలు అలా ఓడిపోయాడో!

"ఇటు రండి పెద్దాయనా..." అన్నాను గొంతులోనే. "ఇటు..."

లైటు ఆరింది. వెలిగింది.

మరుగుజ్జు జూడ్ బొమ్మ పక్కన ఉంది. భుజానికి భుజం ఆనించి.

ఫ్రాంక్ కోటు నేల మీద జారి పడింది. ఖాళీ కుర్చీ కాళ్ళు చెక్క నేల మీద కిర్రుమని రాసుకుంటూ... ఒక్కో అంగుళం... జూడ్ కుర్చీ దాకా వెళ్ళి ఆగాయి.

జూడ్ మొహంలో నెత్తురు లేదు.

"నా భుజం మీద..." అన్నాడు గుసగుసగా. "ఎవరో చెయ్యి వేశారు. బరువుగా ఉంది. వణుకుతోంది."

"నా భుజం మీద ఎందుకు వెయ్యలేదు?"

ఆ మాట అన్నది నేనే. అందరూ నా వైపు తిరిగారు. కుర్చీ కదలడం కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డట్టు చూశారు.

అప్పుడు చెప్పేశాను. నలుపు వేసింది నేనే అని.

డోరీన్ తిట్టలేదు. తెల్ల రంగు సీసా మూత తీసింది. "ఏం పని చేశావురా అబ్బాయ్," అంది, కుంచె వెతుక్కుంటూ. "మనిషిని పంపించాక మళ్ళీ గుమ్మంలోకి పిలుస్తారా? ఇలా ఇవ్వు. పంపించెయ్యనీ."

పంపించేస్తే తెల్ల అంచు. తెల్ల అంచు అంటే ఎప్పటికీ జూడ్. నేను బల్ల మీద పడి మరుగుజ్జుని గుప్పిట్లో పట్టుకున్నాను. సీసం... వెచ్చగా ఉంది. జేబులోంచి అప్పుడే తీసిన చెయ్యిలా. ఒక్క క్షణం. తర్వాత మంచుగడ్డ అయిపోయింది.

మెట్లు దిగి వానలో పరిగెత్తాను.

అది జరిగి పన్నెండు రోజులు. బొమ్మని నా గదిలో బల్ల మీద పెట్టాను. ఎదురుగా ఖాళీ కుర్చీ వేశాను. అంచు నలుపే. రోజూ సాయంత్రం అయిదింటికి లైటు ఆర్పి కూర్చున్నాను. చప్పుడు లేదు. వాసన లేదు. ఒట్టి చెక్క కుర్చీ.

నిన్న సాయంత్రం జూడ్ నా తలుపు కొట్టాడు. గడ్డం పెరిగింది. ఆ మెత్తటి కోటుకి గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"దాన్ని తెల్లగా చేసెయ్యి ఓవెన్. నీకు దణ్ణం పెడతాను. రోజూ అయిదింటికి వస్తున్నాడు. డబ్బా ఆడిస్తూ నా పక్కనే కూర్చుంటున్నాడు."

ఇన్ని రోజులూ! నా బొమ్మ, నా రంగు, నా కుర్చీ... ఆయన మాత్రం రోజూ వాడింటికి! నాకు ఏడుపొచ్చింది.

"నీతో మాట్లాడుతున్నాడా?"

"నీ గురించే."

"ఏమంటున్నాడు? లోపలికి రా, చెప్పు."

"వద్దు. ఇక్కడే చెప్తాను." వాడు గుమ్మం అవతలే నిలబడ్డాడు. "ఇచ్చిన మాట మీద ఉందామనే అనుకున్నాడంట. ఆ రోజు కాలవ గట్టు మీద నీకు మాట ఇచ్చి, లేచి, మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడంట. బెంచీ మీద... నువ్వు ఒక్కడివే లేవంట."

"నేను ఒక్కణ్ణే ఉన్నాను."

"ఆయనా అలాగే అనుకున్నాడంట. తర్వాత ప్రతి శనివారం చూశాడంట. నీ పక్కన చోటు ఖాళీ లేదంట ఓవెన్. అందుకే పేరు మార్చాడంట. రోజూ నన్ను అడిగేది ఒక్కటే. 'ఆ కుర్రాడి పక్కన ఉన్నది ఎవరు?' అని. నాకేం తెలుసు, నేనెప్పుడూ..."

మాట ఆపేశాడు. వాడి కళ్ళు నా మొహం మీద లేవు. కొంచెం పక్కకి, నా భుజానికి కొంచెం కిందకి చూస్తున్నాయి.

ఒక మెట్టు వెనక్కి దిగాడు. ఇంకొకటి.

ఏం జరిగినా మా వాళ్ళకి మర్యాద మాత్రం పోదు. వెళ్తూ వెళ్తూ నాకు తల ఊపాడు. తర్వాత నా పక్కకి చూసి, ఇంకోసారి ఊపాడు.

నార్మన్ కెర్షా, ఇది మీకే. దాపరికం పాలకుల ఆయుధం అని నేర్పింది మీరు. వాడికి రోజూ కనిపిస్తారు, నాకు ఒక్క మాట చెప్పరా? మీరు వాడి పక్కన కూర్చుంటే కూర్చోండి. ఓర్చుకుంటాను. కానీ మీ చోటు ఎవరు తీసుకున్నారో తెలుసుకునే హక్కు నాకుంది. వాళ్ళు నా పక్కన ఎప్పటినుంచి ఉన్నారో, వాళ్ళకి ఏం కావాలో మీరే చెప్పాలి. వాళ్ళని నేను అడగలేను. నిన్న రాత్రినుంచి పక్కకి తల తిప్పలేదు.

మీరు జవాబు చెప్పేదాకా తిప్పను. నవంబరు ముప్పై, సాయంత్రం అయిదు గంటల లోపు.