కట్టల్లో కలిసిన అడవి కంకులు

హార్విల్ గారు గుర్రపుబండి దిగి నేరుగా కొట్టంలోకి వచ్చారు. ఎండిన టీజెల్ కంకులు కట్టలు కట్టలుగా దూలాలకు వేలాడుతున్నాయి. ఉన్నిగుడ్డ మీద నూగు లేపడానికి ఆయన మిల్లులో ఈ ముళ్ల కంకులే వాడతారు.

రైతు సైలస్ కూతురు టాంసిన్ తలుపు దగ్గర నాన్న పక్కన నిలబడింది.

ఈ ఏడు పూత మీద వానలు పడ్డాయి. ఇంగ్లండ్‌లోని ఆ సోమర్సెట్ ప్రాంతంలో అందరి పంటా సగం కుళ్లిపోయింది. రెండేళ్లు పెంచితే గానీ కోతకు రాని పంట అది. ఈ కట్టలు అమ్ముడుపోకపోతే పొలం వదిలేయక తప్పదని నాన్న అమ్మతో అనడం టాంసిన్ విన్నది. అందుకే మొన్న కాలవ గట్టున పెరిగిన అడవి టీజెల్ కంకులు కోసుకొచ్చి, పలచబడ్డ కట్టల్లో దూర్చింది.

అది తప్పని ఆమెకు తోచలేదు. అడవి మొక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన లాటిన్ పేరులో గుడ్డల పనివాళ్ల మాటే ఉందని బడిలో మిస్ ప్రిడీ చెప్పారు. దాని గింజలు ఓడల్లో ఆస్ట్రేలియా దాకా పోయి అక్కడా మొలిచాయట. అంత పేరున్న మొక్క మన మిల్లుకు పనికిరాకుండా ఉంటుందా అనుకుంది.

హార్విల్ గారు ఒక కట్ట తీసి కంకుల్ని బొటనవేలితో నిమిరారు. ఇంకొకటి తీశారు.

"ఏమయ్యా సైలస్, ఈ ముల్లు చూడు, సూదిలా నిటారుగా ఉంది. కొన కొక్కెంలా వంగితేనే కదా నూగు లేచేది. దీంతో గీకితే నాకు దుప్పటి రాదు, చేపల వల వస్తుంది."

నాన్న కంకి అందుకుని చూశాడు. తాను కలపలేదన్నాడు. హార్విల్ గారు నమ్మలేదు. ఏ కట్టలో ఏముందో వెతికే తీరిక తనకు లేదన్నారు.

"కలిపింది నేనండీ." టాంసిన్ ముందుకొచ్చింది. "నాన్నకు తెలీదు."

హార్విల్ గారు కట్ట కింద పెట్టేశారు. తిరుగుదారిలో వీలైతే ఆగుతానని చెప్పి బండెక్కారు.

నాన్న తిట్టలేదు. పీపా మీద కూలబడ్డాడు.

"ఆయన ఆగడులేమ్మా," అన్నాడు.

టాంసిన్ నేల మీద గోనె పరిచింది. కట్ట విప్పి, ఒక్కో కంకినీ వేలితో తడిమి, నిటారు ముల్లున్నవి పక్కన పడేసింది. వేళ్లు చీరుకుపోయాయి. పలచబడ్డ కట్టల్ని పలచగానే కట్టింది.

పొద్దు వాలింది. దారి మీద చక్రాల చప్పుడైంది. ఇద్దరూ తలెత్తారు. హార్విల్ గారి బండి ఆగకుండా మలుపు తిరిగి వెళ్లిపోయింది.

టాంసిన్ ఇంకో కట్ట విప్పింది.