ఏడు గుండుసూదులు

సోమవారం ఉదయం 9:20. ఫైలు ఉంది. శుక్రవారం దాకా అందులో ఉన్న ఏడు ఉత్తరాలు లేవు.

డిటెక్టివ్ సార్జెంట్ డెల్ కార్మొడీ ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్‌లోని ఆ ప్రభుత్వ రికార్డుల భవనానికి 9:50కి చేరింది. జనవరి వాన. గొడుగు మడిచినా చీలమండల దాకా తడిసింది.

అవి ఓ తల్లి సర్కారుకు రాసిన ఉత్తరాలు. ఆమె నాలుగేళ్ళ కూతుర్ని 1939లో అధికారులు పట్టుకెళ్ళి దక్షిణాన ఓ చర్చి మిషన్‌లో పడేశారు. ఆదివాసీ నల్లవాళ్ళ పిల్లల్ని అలా ఎత్తుకెళ్ళడం అప్పటి చట్టం. పాడు చట్టం. ఆ కూతురు ఐవీకి ఇప్పుడు ఎనభై నాలుగు. ఆసుపత్రిలో ఉంది. ఈ రాత్రి గడవదన్నారు డాక్టర్లు. అమ్మే తనను వద్దనుకుందని ఆమెకు చిన్నప్పుడే చెప్పారు. ఆమె నమ్మింది.

ఆ ఉత్తరాలు పోయిన వారమే బయటపడ్డాయి. ఈ ఉదయం కాపీలు తీసి, ఆమెకు చదివి వినిపించాలి.

తాళాలున్నవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఒకామె, ఐవీకి మనవరాలి వరసైన నెరిడా, ఇక్కడే ఉద్యోగి. ఆమె సంచీని అప్పటికే వెతికేశారు.

"ఏమైనా పోతే ముందు మా సంచీయే గుర్తొస్తుంది కదా మీకు!" అంది నెరిడా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను వెతకలేదమ్మా. శుక్రవారం ఎన్నింటికి వెళ్ళావు?"

"నాలుగింటికి. ఐవీ ఆంటీ దగ్గరికి. మాలో పెద్దావిడ ఎవరైనా ఆంటీయే."

స్టోరు చూసే బ్రెట్ చేతులెత్తేశాడు. "ఇక్కడ బొద్దింక కూడా సంతకం పెట్టందే లోపలికి రాదు మేడం."

"వస్తే?"

"ఫ్రీజరే గతి. పురుగుపట్టిన కాగితాల్ని మైనస్ ముప్ఫైలో వారం పెడతాం."

"ఎవరు పెడతారు?"

"గ్రాహం. కాగితాల డాక్టరు ఆయనే."

గ్రాహం ఫెల్స్‌కు అరవై మూడు. చిరిగిన కాగితాలు అతికే పని. శుక్రవారం 5:50కి వెళ్ళానన్నాడు. అతని బల్లమీద చిన్న గాజుపళ్ళెం. అందులో తుప్పు పట్టిన గుండుసూదులు. డెల్ వాటిని లెక్కపెట్టి వెళ్ళిపోయింది.

11:10. ముగ్గుర్నీ ఒక గదిలో కూర్చోబెట్టింది. ఖాళీ ఫైలు తెరిచింది.

"ఈ తుప్పు మరకలు చూడండి. ఏడు. ప్రతి ఉత్తరమూ ఫైలు కాగితానికి సూదితో గుచ్చి ఉండేది. సూదులు లేవు, కాగితం మాత్రం ఎక్కడా చిరగలేదు. దొంగయితే లాగేసుకుపోతాడు. ఇంత ఓపిగ్గా సూది తీసేదెవరు? ఫ్రీజర్లో పెట్టేముందు లోహం తీయాలి కదా, గ్రాహం? మీ పళ్ళెంలో ఏడున్నాయి."

గ్రాహం కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"దాచేటప్పుడు కూడా చెయ్యి దాని పని అది చేసేసింది," అన్నాడు. "ప్రతి ఉత్తరం కింద పెన్సిల్‌తో 'జవాబు అక్కర్లేదు' అని ఉంది. పొడి సంతకం మా నాన్నది. చించలేకపోయాను. చూపించలేకపోయాను. ఓ వారం గడిస్తే చాలనుకున్నాను."

"ఆంటీకి వారం లేదని నీకు తెలుసు!" నెరిడా అరిచింది.

"తెలుసు."

"ఇప్పుడే తియ్యి!"

"ఫ్రీజర్లోంచి తీసి ప్లాస్టిక్ కవరు ఇప్పుడే విప్పితే ఈ గాలికి చెమ్మపట్టి సిరా అలుక్కుపోతుంది. మూసిన కవర్లోనే రేపటిదాకా ఉండాలి." అతను నెరిడా వైపు తిరిగాడు. "కానీ నాకు ఏడూ నోటికొచ్చు. అన్నిసార్లు చదివాను."

నెరిడా అతని ముఖం చూడకుండానే కారు తాళాలు తీసుకుంది. చీదరింపు దిగమింగుకుంది పాపం. వేరే దారి లేదు.

మధ్యాహ్నం 12:05. ఆసుపత్రి. గ్రాహం మంచం పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు.

"దొరగారికి. అక్కడ చలి ఎక్కువట. మా ఐవీకి దుప్పటి కుట్టాను. ఇచ్చి పంపుతున్నాను. ఐవీ నన్ను మరిచిపోకముందే ఇంటికి పంపండి."

ముసలామె కళ్ళు తెరిచింది. "ఎవరు బాబూ నువ్వు?"

"జవాబు అక్కర్లేదని రాసినవాడి కొడుకుని."

"చదివాడా వాటిని?"

"చదివాడు ఆంటీ. అన్నీ."

ఆమె పైకప్పు వైపు చూసింది. పైన వాన హోరు.

"దుప్పటి రాలేదు," అంది. కాసేపటికి, "అయితే మా అమ్మ అడిగిందన్నమాట."

"ఏడుసార్లు అడిగింది."

"మిగతావి చెప్పు."

అయిదో ఉత్తరం మధ్యలో నెరిడా ఐవీ నాడి చూసి, చెయ్యెత్తి ఆపమంది. 12:40. తలుపు దగ్గర నిలబడ్డ డెల్ టోపీ తీసింది.

మర్నాడు గ్రాహం రాజీనామా ఇచ్చి వచ్చి, కవరు విప్పాడు. ఒక్క అక్షరం చెదరలేదు. ఉత్తరాలు నెరిడా పైకి చదివింది. ఆమె జనంలో చనిపోయినవాళ్ళ పేరు చాలాకాలం నోట పలకరు. ఆ తల్లి ఏడు ఉత్తరాల్లో కూతురి పేరు పద్నాలుగు సార్లు రాసింది.

నెరిడా పద్నాలుగు సార్లు ఆగింది.