గుప్పెడు ఎవరిని పట్టుకుంది

మా ఇంటి వెనక అడవి ఉండేది. మధ్యలోంచి పెద్ద రోడ్డు వేశాక అది రెండు ముక్కలైంది. ఇటు కొమ్మ అటు కొమ్మకి అందదు. దేవాంగ పిల్లులు దూకలేవు. పిల్లి అన్నది పేరుకే, అవి కోతుల జాతివి. చేతివేళ్ళతో కొమ్మ పట్టుకుని నెమ్మదిగా పాకుతాయి. కొమ్మ దొరక్కపోతే కరెంటు తీగ పట్టుకుంటాయి. అలా ఒక తల్లి తీగ మీద మాడి కిందపడింది. దాని పొట్టకి అతుక్కుని బతికున్న పిల్లని పశువుల డాక్టరు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. గుప్పిట్లో పట్టేంతే ఉంది కాబట్టి గుప్పెడు అని పిలిచాను.

నా చేతుల్లోనే పెట్టాడు, మా చెల్లెలి చేతుల్లో కాదు. అది నాకు బాగా గుర్తు.

కానీ ఒకరోజు పాలు పట్టిన సంగతి మరిచిపోయి మళ్ళీ పట్టాను. పిల్లకి కడుపు ఉబ్బింది. దాంతో పాలు పట్టే పని చెల్లెలికి పోయింది. పిల్ల కూడా దాని జడకే అతుక్కుపోయింది. నేను చెయ్యి చాస్తే గుడ్లు మిటకరించి జడలోకి దూరేది. ఈ వయసులో ఇదేం కుళ్ళని మీరనుకోవచ్చు. నాకు మాత్రం కడుపు మండేది.

"రేపు డాక్టరొస్తాడక్కా," అంది చెల్లెలు ఒక సాయంత్రం, పిల్లని బుట్టలో పడుకోబెడుతూ. "ఇక ఒక్కళ్ళే పెంచాలట. అది ఎవర్ని పట్టుకుంటే వాళ్ళకే ఇస్తాడట."

"ఎవర్ని పట్టుకుంటుందో చూద్దాం."

"చూడ్డానికేముంది? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికే రకానివి నువ్వు."

నవ్వుతూనే అంది. నాకు గుచ్చుకుంది.

మునిమాపు వేళ కరెంటు పోయింది. కొవ్వొత్తి వెతకడానికి చెల్లెలు వంటింట్లోకి వెళ్ళింది. రోడ్డు మీద లారీల మోత, అది ఆగినప్పుడల్లా ఆకుల గలగల. బుట్ట నా పక్కనే ఉంది. ఇదే అదను అనుకుని లోపల చెయ్యి పెట్టాను.

గుడ్డ చల్లగా ఉంది. తడిమాను. ఒక చిన్న చెయ్యి మెల్లగా నా వేలు పట్టుకుంది. తర్వాత రెండోది... గట్టిగా. పొడి నాలుక నా వేళ్ళని ఒక్కొక్కటే నాకింది, తల్లి పిల్లని నాకినట్టు. ఎక్కడో వెంట్రుకలు కాలిన వాసన. వంటింట్లో అగ్గిపుల్ల గీసిందేమో అనుకున్నాను.

పిల్ల బెదురుతుందని గుసగుసగా పిలిచాను. "చెల్లీ... చూశావా, నన్నే పట్టుకుంది."

"ఏది?"

"గుప్పెడు."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

"అక్కా... గుప్పెడు నా జడలో ఉంది. వెంట తెచ్చుకున్నాను."

చెయ్యి లాక్కోవాల్సింది. లాక్కోలేదు. ముందు నాకు భయం కూడా వెయ్యలేదు. పిల్ల మళ్ళీ చెల్లెలికే దక్కిందా, అనిపించింది.

అప్పుడు ఆ వేళ్ళు కదిలాయి. మణికట్టు... మోచెయ్యి... భుజం. తొందర లేదు. ఒక పట్టు, ఆగడం, ఇంకో పట్టు. మెడ వెనక్కి చేరి అక్కడ ఆగిపోయాయి.

కొవ్వొత్తి వెలుగులో బుట్ట ఖాళీగా ఉంది. నా వెనకా ఏమీ లేదు.

పొద్దున డాక్టరు వచ్చాడు. నన్ను చూడగానే గుప్పెడు చెల్లెలి జడ వదిలేసి నా వీపు వైపు చేతులు చాచింది. దగ్గరికి వెళ్ళగానే ఎక్కేసింది.

"ఎంత గట్టిగా పట్టుకుందో చూడండమ్మా," అన్నాడు డాక్టరు. "ఇక మీ దగ్గరే ఉంచుకోండి."

చెల్లెలు లోపలికి వెళ్ళిపోయింది. నేను కోరుకున్నది ఇదే. కానీ నా వీపుకి పిల్ల బరువే తెలియలేదు.

అద్దం ముందుకి వెళ్ళి పక్కకి తిరిగాను. గుప్పెడు కళ్ళు అరమోడ్చి ఉంది. రెండు పిడికిళ్ళూ బిగించి ఉన్నాయి. నా వీపుకీ ఆ పిడికిళ్ళకీ మధ్య జానెడు ఎడం.

ఆ ఎడంలోకి మూతి పెట్టి అది గుటకలు వేస్తోంది.