క్యాంపు బస్సులో ఆ కుర్చీ

దంతవైద్య కళాశాల వెనకాల నిలిపే క్యాంపు బస్సు దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. దాని కింద కుక్క కూడా పడుకోదంటారు.

పగలు ఆ బస్సు ఊళ్ల మీద పడి జనానికి ఉచితంగా పళ్లు పీకుతుంది. 'మీ చిరునవ్వే మా సేవ' అని దాని ఒంటి మీద రాసుంటుంది. ఎక్కినవాళ్లు నవ్వుతూ దిగడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఒకసారి ఒక ముసలాయన ఎక్కాడట. ఆ రోజు ఫొటోలవాడు ఉన్నాడు కాబట్టి పెద్ద ప్రొఫెసరుగారే స్వయంగా రంగంలోకి దిగారు. పట్టకారు నోట్లో పెట్టగానే ముసలాయన, “అది కాదయ్యా… అది కాదు…” అన్నాడట. “డాక్టరు నువ్వా, నేనా?” అని గదమాయించి, ప్రొఫెసరుగారు లాగేశారు. ఊడి వచ్చింది నిక్షేపంలాంటి పన్ను.

ఆ తర్వాత ముసలాయన ఉన్నాడో పోయాడో ఎవరూ వాకబు చెయ్యలేదు. గోడల నిండా పరిశోధన పత్రాలు అతికించుకునే కళాశాలకి ఆ ఒక్క సంగతీ పరిశోధించే తీరిక దొరకలేదు. కానీ అప్పట్నుంచి రాత్రిపూట బస్సులో ఎవరో “అది కాదు…” అంటారని… ఈ మధ్య మూలుగు కూడా వినిపిస్తోందని… చెప్పుకుంటారు.

చివరి ఏడాది చదివే పిల్ల ఒకతె ఉంది. కిందటేడు పరీక్షలో ప్రొఫెసరుగారు ఏదో తప్పు చెబితే, “కాదు సార్” అంది. ఆ ఒక్క ముక్కకి ఏడాది పోయింది. అప్పట్నుంచి పైకి మాట్లాడటం మానేసి లోలోపలే గొణుక్కుంటుంది కనుక, తోటివాళ్లు గొణుగుడమ్మ అని పేరు పెట్టారు.

తెల్లారితే మళ్లీ అదే పరీక్ష, అదే ప్రొఫెసరు. ఈ పరీక్షకి ఎవరి పళ్లు వాళ్లే తెచ్చుకోవాలి — నోట్లోవి కాదు, క్యాంపుల్లో పీకినవి ఏరి, కడిగి, సుద్దముద్దలో వరసగా గుచ్చుకున్నవి. అవి లేకపోతే గుమ్మం తొక్కనివ్వరు. ఆ సాయంత్రం క్యాంపు నుంచి వస్తూ గొణుగుడమ్మ తన పళ్ల డబ్బా బస్సులోనే మరిచిపోయింది.

“పొద్దున తీసుకోరాదామ్మా?” అన్నాడు వాచ్‌మన్.

“తెల్లారకముందే బస్సు వెళ్లిపోతుంది బాబాయ్… నువ్వూ తోడు రాకూడదూ?”

“నాకున్నవే నాలుగు పళ్లు తల్లీ!” అంటూ తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

తీరా వెళ్తే… తాళం తీసే ఉంది.

మెట్టెక్కింది. లోపల మందు వాసన… చీకటి… చీకట్లో కుర్చీ. కుర్చీలో ఎవరో వెల్లకిలా పడుకుని ఉన్నారు.

“మ్మ్… మ్మ్…”

ఫోను లైటు వేసింది. తల చుట్టూ బిగించి కట్టిన తెల్లగుడ్డ… ఒళ్లో అద్దం… ఆ తల మెల్లగా ఇటు తిరిగింది…

ప్రొఫెసరుగారు!

“ష్… తలుపు వెయ్యి.”

పన్నునొప్పట. 'నొప్పి తెలియకుండా పన్ను తీయుట' మీద దేశాలు పట్టుకు తిరిగి ఉపన్యాసాలిచ్చిన మహానుభావుడు, తన పన్ను తీయించుకోవడానికి భయపడి, రాత్రిళ్లు ఇక్కడికొచ్చి, అడుగుల చప్పుడైతే దీపం ఆర్పేస్తూ, అద్దంలో నోరు చూసుకుంటూ ఏడుస్తున్నారు. ఈ మూలుగుకా కాలేజీ అంతా హడలి చచ్చింది!

“మన దగ్గర ఇంతమంది డాక్టర్లున్నారు కదా సార్?” అంది నెమ్మదిగా.

“వాళ్లందరికీ చదువు చెప్పింది నేనేగా…” అన్నారాయన దీనంగా. “అందుకే భయం.”

ఆయన నోట అంత నిజం ఎన్నడూ రాలేదు.

“నువ్వే తీసెయ్. మత్తుసూది రెండువైపులా పొడుచుకున్నాను, ఏమీ తెలియదు. రేపు నీ పరీక్ష సంగతి నేను చూసుకుంటా.” అద్దంలోకి చూస్తూ చెప్పారు, “కుడివైపు, కింద, చివరిది.”

నోట్లోకి లైటు వేసింది. కుడివైపు పన్ను దుక్కలా ఉంది. పుచ్చి నల్లబడింది ఎడమవైపుది. ఆమెకి విషయం అర్థమైంది. బతుకంతా ఎదుటివాళ్ల నోళ్లే చూసిన మనిషి, అద్దంలో తన నోరు కూడా ఎదుట కూర్చున్న రోగిదే అనుకుని, కుడి ఎడమలు తారుమారు చేసుకున్నారు.

చెప్పాలా? మాట గొంతుదాకా వచ్చింది. దాంతోపాటు కిందటేడూ గుర్తొచ్చింది. పళ్లు బిగపట్టి పట్టకారు అందుకుంది. కుడివైపు పన్నుకి తగిలించింది…

“అది కాదు…”

ప్రొఫెసరుగారు ఆమె చెయ్యి విసురుగా తోసేశారు. “ఏమిటా గొణుగుడు? డాక్టరు నువ్వా, నేనా? లాగు!”

లాగేసింది.

పట్టకారు చివర పన్ను లైటు వెలుగులో మెరిసింది. తెల్లగా… ఎక్కడా మచ్చ లేకుండా.

ప్రొఫెసరుగారు దాన్ని చూశారు. అద్దం చూసుకున్నారు. మళ్లీ పన్ను చూశారు. ఇన్నేళ్ల పొగరూ ఒక్కసారిగా దిగిపోయింది.

“నువ్వు చెబుతూనే ఉన్నావమ్మా… అది కాదు అని,” అన్నారు మొద్దుబారిన నాలుకతో. “నేనే వినిపించుకోలేదు.”

గొణుగుడమ్మ లైటు మెల్లగా వెనక్కి తిప్పింది.

“నేను… నోరే విప్పలేదు సార్.”