మల్లికి సరిపోయే జీపీఎస్

మల్లి మొదటిసారి శివకృష్ణ దుకాణానికి వచ్చింది కొట్లాడటానికే.

"ఏందిది? కొని నెల కాలేదు, అప్పుడే చచ్చింది" అంటూ మౌస్‌ను కౌంటర్ మీద పెట్టింది.

మార్కాపురం స్టేషన్ రోడ్డులో అతనిది చిన్న కంప్యూటర్ దుకాణం. మౌస్ తిప్పి చూశాడు. ఎడమవైపు బటన్ అరిగి నున్నగా అయిపోయింది.

"దీంతో మీరు ఏం పని చేస్తారండీ?"

"గడ్డి గీస్తాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

బస్టాండు దగ్గర మేడ మీద ఉన్న చిన్న ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి ఎక్కడెక్కడి దేశాల గోల్ఫ్ మైదానాలకో మ్యాపులు గీయాలి. గడ్డి అంచుకో గీత, ఇసుక గుంటకో గీత, చెరువుకో గీత. ఆ మ్యాపులు ఆటగాళ్ల చేతుల్లోని జీపీఎస్‌లలోకి వెళ్లి, బంతి వేయాల్సిన గుంట దగ్గరి జెండా ఇంకా ఎన్ని గజాల దూరంలో ఉందో వాళ్లకు చూపిస్తాయి. ఇంత గీసిన మల్లి గోల్ఫ్ బంతిని కూడా కంటితో చూడలేదు.

"నేనే కాదు, మా ఆఫీసులో ఎవరూ చూడలేదు" అంది. అప్పుడు మాత్రం నవ్వింది. శివకృష్ణ పని అక్కడితో అయిపోయింది.

తర్వాత ఇంకో మౌస్ పాడైంది. ఆ తర్వాత కీబోర్డు. ఆ తర్వాత ఏదీ పాడుకాకుండానే రావడం మొదలుపెట్టింది. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. ఆమె మాట్లాడేటప్పుడు సూటిగా చూస్తుంది, వినేటప్పుడు ఇంకా సూటిగా చూస్తుంది. ఆ రెండో చూపే అతని ప్రాణం తీసేది. చెప్పాలనుకున్న మాట గొంతుదాకా వచ్చి, ‘టీ తాగుతావా’ అయి బయటపడేది. పాపం, ఆ పిల్ల ఎన్ని టీలు తాగిందో.

ఒకరోజు బాగా మబ్బు పట్టింది. మబ్బు పట్టినంత మాత్రాన మార్కాపురంలో ఎవరూ గొడుగు వెతుక్కోరు. మల్లి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"శివా, చేతిలో పట్టుకునే జీపీఎస్ ఒకటి కావాల. మా మ్యాపు సాఫ్ట్‌వేర్‌కి సరిపోవాల. ఏది కొనాల్నో నువ్వే చెప్పు."

"నీకెందుకు?"

"బెంగళూరులో ఫీల్డ్ ఉద్యోగం ఉంది. గోల్ఫ్ మైదానం మీద నడిచి కొలిచే పని. ముందు ఏదో ఒక నేల కొలిచి నెలాఖరులోగా ఫైలు పంపమన్నారు. నచ్చితే తీసుకుంటారంట. మెషిన్ మాత్రం మనమే తెచ్చుకోవాల."

శివకృష్ణ టీ గ్లాసు కింద పెట్టాడు. "పోవాలని ఉందా నీకు?"

"ఇన్నాళ్లు గీసినా కదా. ఒక్కసారన్నా ఆ గడ్డి మీద కాలు పెట్టాలని ఉండదా?" స్టూలు ముందుకు జరుపుకుంది. "నువ్వేమంటావు?"

"దేని గురించి?"

ఆమె అతని మొహంలోకి చూసి, "మెషిన్ గురించే" అంది.

బయట నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి.

అతను రాత్రీ పగలూ దాని మీదే కూర్చున్నాడు. దొరికేవి రెండు రకాలు. ఒకటి అచ్చంగా గోల్ఫ్ కోసం చేసింది. పెట్టె మీద పచ్చటి బొమ్మతో ముద్దుగా ఉంటుంది, దూరాలు చక్కగా చూపిస్తుంది. కానీ మనం నడిచిన దారిని బయటికి ఇవ్వదు. రెండోది కొండల్లో అడవుల్లో తిరిగేవాళ్లు వాడేది. చూడటానికి ఇటుక ముక్కలా ఉంటుంది. అది మాత్రం నడిచిన ప్రతి మలుపునూ ఫైలు చేసి ఇస్తుంది, ఆ ఫైలును మల్లి సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంది. గోల్ఫ్ పనికి గోల్ఫ్ జీపీఎస్ పనికిరాదన్నమాట.

అక్కడే దయ్యం పట్టింది అతనికి. మొదటిది ఇస్తే అడిగేవాడు లేడు. గోల్ఫ్‌కి గోల్ఫ్‌దే ఇచ్చినా అని దబాయించవచ్చు. ఫైలు బయటికి రాదు, గడువు దాటిపోతుంది, మల్లి మార్కాపురంలోనే ఉంటుంది. ఆమె లేని స్టూలును ఊహించుకుంటే అతనికి అన్నం దిగలేదు. అయినా ఇటుక ముక్కనే తెప్పించాడు. ప్రేమించినవాడు చేయాల్సింది ఇదేనని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నంత మాత్రాన ఏడుపు ఆగలేదు.

"ఇదే సరైనది" అని ఆమె చేతిలో పెట్టాడు.

"ఖాయమా?"

"ఖాయం. ఇది ఉంటే ఉద్యోగం నీదే."

మల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అతను ఆమె మొహంలో సంతోషం కోసం వెతికాడు. దొరకలేదు. సంతోషం ఎక్కువైతే ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాడు. మన శివకృష్ణ తెలివి అట్లాంటిది.

నేల కొలవడానికి ఆదివారం ఇద్దరూ మల్లి వాళ్ల పల్లెకు వెళ్లారు. యర్రగొండపాలెం దాటాక నల్లమల అంచున ఉంటుంది. మల్లి నాయన యల్లయ్య గొర్రెలు మేపే బీడునే గోల్ఫ్ మైదానం అనుకున్నారు. ఆమె జీపీఎస్ పట్టుకుని గట్టు వెంబడి నడుస్తోంది, అతను మలుపు మలుపుకీ గుడ్డపీలిక కట్టిన పుల్ల పాతుతున్నాడు. అంతలో మందను వదిలేసి యల్లయ్య పరుగున వచ్చాడు.

"ఎవురు నాయనా నువ్వు? సర్వేవాడివా?"

"కాదు నాయనా, మార్కాపురంలో దుకాణమాయన. నా పనికి సాయం వచ్చినాడు" అంది మల్లి.

"కొలిచిన నేల మందకు మిగలదు. మొన్న ఆ గుట్ట కొలిచినారు, కంచె ఏసినారు. ఇప్పుడు సొంత కూతురే కొలవబట్టె."

మల్లి గోల్ఫ్ గురించి చెప్పింది. వాన ఉన్నా లేకున్నా నీళ్లు పెట్టి గడ్డి పెంచుతారని చెప్పింది. ఆ మాటకు యల్లయ్య కళ్లు మెరిశాయి.

"ఎన్ని జీవాలు మేస్తాయి?"

"ఒక్కదాన్ని గూడా రానీయరు."

యల్లయ్య తన మంద వైపు చూశాడు. తర్వాత శివకృష్ణ వైపు తిరిగాడు. "ఆ మెషిన్ తెచ్చిచ్చింది నువ్వేనా?"

"అవును మామా."

ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. ఆ పల్లెల్లో వరస కలపకుండా ఎవరూ ఎవరినీ పిలవరు. దారిన పోయేవాడైనా ఏదో ఒక వరస అవుతాడు. కానీ పెళ్లికెదిగిన కూతురు పక్కనే నిలబడి ఉండగా ఆమె తండ్రిని మామా అంటే దాని లెక్క వేరు. మల్లి చప్పున కొండల వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవురికి మామ?" అన్నాడు యల్లయ్య, చేతికర్ర నేలకు ఆనించి.

ఆ కర్ర చూసి శివకృష్ణ ఒక అడుగు వెనక్కి వేశాడు. "పెదనాయనా... పెదనాయనా అనబోయినా" అన్నాడు.

యల్లయ్య శాంతించాడు. కొండల వైపు తిరిగిన మల్లి మాత్రం తిరిగి ఇటు చూడలేదు. మిగిలిన గట్టంతా ఒక్క మాట లేకుండా నడిచింది. శివకృష్ణకు గండం గడిచిందనిపించింది. తండ్రిని పెదనాయన చేసి కూతుర్ని చెల్లెల్ని చేశానని తిరుగు బస్సులో గానీ అతనికి వెలగలేదు. వెలిగాక ఏడవడానికి కిటికీ సీటు కూడా లేదు.

ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన రోజూ వచ్చింది. మల్లి దుకాణానికి రాలేదు, బయలుదేరుతున్నానని ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. అతను షట్టర్ సగం దించి బస్టాండుకు పరుగెత్తేసరికి బెంగళూరు బస్సు కదులుతోంది. ఆలోచించకుండా ఎక్కేశాడు.

"యాడికి?" అన్నాడు కండక్టర్.

"గిద్దలూరు" అన్నాడు. అంతకంటే దూరం పోయే ధైర్యం అతనికి లేదు.

మల్లి పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. అతను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కంభం దాకా నోరు పెగల్లేదు. కంభం దాటాక, "ఆ రోజు మీ నాయన కర్ర చూసి భయపడి అట్ల అన్నా" అన్నాడు. "మామా అన్నదే నిజం."

ముసలమ్మ లేచింది. "కూచో నాయనా, నిలబడి చెప్పే మాట కాదది" అని వెనక సీటుకు పోయింది.

మల్లి కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "రోజూ ఆ ఫైళ్లతోనే కదా నా పని. ఏ జీపీఎస్ సరిపోతుందో నాకు తెలీదనుకున్నావా?"

"మరి నన్నెందుకు అడిగినావు?"

"తప్పుది ఇస్తావేమోనని. పోవద్దంటావేమోనని. పెదనాయనా అనకపోయుంటే ఆ ఫైలు పంపేదాన్నే కాదు. ఆ సాయంత్రమే పంపినా."

శివకృష్ణకు లెక్క అప్పుడు తేలింది. ఇన్నాళ్లూ త్యాగం చేశానని ఒక్కడే కూర్చుని ఏడ్చాడు. అక్కడ ఆమె, తనను వదిలించుకుంటున్నాడని ఏడ్చింది. బస్సు గిద్దలూరులో ఆగింది. జనం దిగుతున్నారు. మల్లి తన సంచి ఒళ్లోకి తీసుకుంది.

"పోవద్దని ఇప్పుడు అడుగు" అంది. "నిజంగా దిగుతాను."

అడగాలనే ఉంది. ప్రాణమంతా అదే మాట అంటోంది. ఎదురుగా ఆమె కళ్లలో నీళ్లున్నాయి. సంచి పట్టుకున్న వేళ్లు క్లిక్కులు కొట్టీ కొట్టీ మొద్దుబారి ఉన్నాయి. ఆ గడ్డిని ఒక్కసారన్నా తొక్కకపోతే ఆమెకు జీవితమంతా కొరతే. దానికి కారణం తనే అవుతాడు.

"దిగొద్దు మల్లీ" అన్నాడు. "పో. నేను మీ నాయన దగ్గరికి పోతా. ఈసారి ఏ వరస అనాల్నో నాకు తెలుసు. ఆయన కర్ర ఎత్తితే ఎత్తనీ."

"మళ్లీ అదే చేసినావు" అని మల్లి ఏడ్చింది. ఏడుస్తూనే అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. కండక్టర్ కేకేసేదాకా వదల్లేదు.

అతను దిగాడు. బస్సు కదిలింది. మల్లి కిటికీలోంచి తల బయటపెట్టి, చెయ్యి ఊపకుండా, తిడుతూ పోయింది. ఏమని తిట్టిందో హారన్ల మోతలో వినబడలేదు. బస్సు కనుమరుగయ్యాక అతను అక్కడే సిమెంటు బల్ల మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. కాసేపటికి లేచి, యర్రగొండపాలెం పోవాలంటే ఏ బస్సు ఎక్కాలని ఎవరినో అడిగాడు.