గుండుసూది

సూర్యం కామేశ్‌ని అమ్మేశాడా? ఎనిమిదేళ్లుగా పొద్దున్నే దీపం వెలిగించినప్పుడల్లా లోకనాథానికి ఇదే సందేహం. దేవుణ్ణి అడగడానికి నోరు రాదు. సూర్యాన్ని అడగడానికి ఆధారం లేదు.

1997లో లోకనాథం తోటి ఏజెంటు కామేశ్ ఒక ముఠాని వెంటాడుతూ సముద్రం మీద ఉండగా ఒడ్డున వైర్‌లెస్ మూగబోయింది. హెచ్చరిక అందక అతను శవమై తేలాడు. యాంటెన్నాకి కాపలా ఉన్నది జాలరి సూర్యం. అతన్ని మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి, రుజువు దొరక్క వదిలేశారు. ఆ తరువాత వజ్రపుకొత్తూరు దరి ఊళ్లలో ఎవరూ అతన్ని తమ పడవ ఎక్కనివ్వలేదు.

2005 అక్టోబరులో ఇంటెలిజెన్స్ చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది.

"అదే ముఠా, లోకనాథం. పేలుడు పదార్థాలతో పడవ వస్తోంది. గురువారం సాయంత్రం నాలుగింటికి సిగ్నల్. సగం మాట ఒక బ్యాండ్‌లో, సగం ఇంకో బ్యాండ్‌లో. నీకు తోడుగా హిమజ."

హిమజ డిపార్ట్‌మెంట్‌లో అందగత్తె, తెలివైనది. 1997లోనూ అదే ఆపరేషన్‌లో ఉంది. ఒకే తీగకి ట్రాప్‌లనే చుట్టలు బిగించి అన్ని బ్యాండ్లూ పట్టే ఖరీదైన విదేశీ యాంటెన్నా తెస్తానంది. ఉప్పుగాలికి ట్రాప్‌లు నెలలో చస్తాయని లోకనాథం వద్దన్నాడు. మూడు బ్యాండ్లకి మూడు జతల రాగి తీగలు, అన్నిటికీ ఒకే కేబుల్. హామ్ రేడియో సరదా ఉన్న మాస్టారి వేషంలో వచ్చి, సూర్యం పెరట్లోని కొబ్బరిచెట్ల మధ్య తాడుతో పైకి లాగి కట్టాడు. అక్కడే ఎందుకంటే, ఈసారైనా నిజం తేలాలని.

తీగలూ కేబులూ కలిసే జాయింట్‌కి తాటాకిల్లు నేసినట్టు కింది నుంచి పైకి రబ్బరు టేపు చుట్టాడు. సూర్యం చేతులకి బూడిద రాసుకుని, పడవలకి పూసే పచ్చి జీడినూనె దాని మీద దట్టంగా పూశాడు. వాన చుక్క దిగదన్నాడు.

గురువారం వాన. మూడూ నలభైకి రేడియో చచ్చిపోయింది. లోకనాథం తాడు వదిలి జాయింట్ కిందికి దించాడు. టేపు బ్లేడుతో కోసి ఉంది. కేబుల్లో గుచ్చిన గుండుసూది గాలికి ఊగి లోపలి రెండు తీగల్నీ కలిపేసింది.

అతని చెయ్యి పిస్టల్ మీదికి వెళ్లింది. సూర్యం దాన్ని చూశాడు. తాటాకు గొడుగు తెచ్చి, తను తడుస్తూ జాయింట్ మీద పట్టాడు.

"ముందు ఇది బాగుసెయ్యండి బాబూ. నన్ను తరవాత సూద్దురు."

సూది లాగి లోకనాథం ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. నాలుగైంది. ఇరవై ఒక్క మెగాహెర్ట్జ్‌లో ఒక గొంతు: పెద్దాయనకి జ్వరం. వెంటనే ఏడుకి తిప్పాడు: నూటమూడు. ముఠా కోడ్‌బుక్‌లో నూటమూడంటే భావనపాడు రేవు. గస్తీ బోటు కబురంది చేరేసరికి ముఠా పడవ ఒడ్డుకి ముప్ఫై గజాల దూరంలో ఉంది. అక్కడే పట్టుకున్నారు.

రాత్రంతా యాంటెన్నాకి కాపలా ఉండి పొద్దున్నే వెళ్లిన హిమజ అప్పుడు జీపు దిగింది. వేళ్లకి రుమాలు చుట్టుకుని ఉంది. టీ ఒలికిందంది. సూర్యం భార్య పోలమ్మ, పలాస ఫ్యాక్టరీలో జీడి కొట్టే మనిషి, ఆ రుమాలు విప్పి చూసింది.

"ఇది టీ బొబ్బ కాదు బాబూ, జీడి పొక్కు. మాం బూడిద రాసుకుంటాం. ఆయమ్మ రాసుకోనేదు."

లోకనాథం జేబులోంచి గుండుసూది తీసి హిమజ ముందు పట్టాడు.

"కామేశ్‌కీ ఇదే సూదా?" అన్నాడు లోకనాథం.

"అప్పుడు జీడినూనె పుయ్యలేదు కదా, సర్," అంది హిమజ.

ఆమెని పై అధికారులకి అప్పగించాడు. నెల తరువాత పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. డిపార్ట్‌మెంట్ పరువు దృష్ట్యా హిమజ రాజీనామా ఆమోదించారు. రిపోర్టులో రెండుసార్లూ యాంటెన్నాలోకి నీరు చేరిందని రాయమన్నారు. సూర్యం ఊసే లేదు. పాపం చేసినవాళ్లకి మర్యాదా, చెయ్యనివాడికి నిందా ఏ ధర్మమో లోకనాథానికి బోధపడలేదు. రిపోర్టు మీద సంతకం పెట్టకుండా వెనక్కి పంపాడు. వజ్రపుకొత్తూరు వెళ్లి పడవల దగ్గర నలుగురి ముందూ తప్పు మాదేనని చెప్పాడు. విన్నారు. అయినా ఎవరూ సూర్యాన్ని పడవలోకి పిలవలేదు. ఎనిమిదేళ్లలో అతని చోటు వేరేవాళ్లు సర్దుకున్నారు.

లోకనాథం సంచిలోంచి కాశీబుగ్గలో కొన్న కొత్త తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టాడు. కామేశ్ శవం ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోజు సూర్యం తన భుజం మీది తువ్వాలే దానికి కప్పాడు. కేసులో ఎగ్జిబిట్ అని దాన్ని పోలీసులు పట్టుకుపోయారు.

సూర్యం దాన్ని విప్పి, మళ్లీ మడతపెట్టి భుజాన వేసుకున్నాడు.

"సర్కారు తిరిగిచ్చింది ఇదొక్కటే బాబూ. దీనికీ ఏటైనా సంతకం పెట్టాలా?"